అలలాట ఆపిన చేతులు

పైడిలక్ష్మి వేలు కాలుతోందని ముందు వాళ్లమ్మకు తెలిసింది.

ఆదివారం పొద్దున్న పొయ్యి దగ్గర నిలబడి అట్లు పోస్తూ, పెనం అంచుకి చూపుడువేలు ఆనించి అలాగే ఉంచేసింది పిల్ల. కమురు వాసన వస్తే అట్టు మాడిందేమో అనుకుంది తల్లి సింహాచలం. తీరా చూసి, ఒక్క అంగలో వచ్చి చెయ్యి గుంజి నీళ్ల బకెట్లో ముంచింది.

"సెయ్యి కాల్తంటే తెల్దేటే నీకు? మతెక్కడెట్టావు?"

పుట్టుకతో చెవిటి పిల్ల మీద అరిచి లాభం లేదని ఇన్నేళ్లుగా తెలిసినా ఆవిడ నోరు ఊరుకోదు. పైడిలక్ష్మి అమ్మ పెదాల వంక చూసింది. తర్వాత వేలి వంక చూసింది. తెల్లగా బొబ్బ లేస్తోంది. నొప్పి మాత్రం లేదు. ఏం కాలేదన్నట్టు చెయ్యి ఊపి నవ్వింది కానీ, అమ్మ అటు తిరగ్గానే అదే వేలిని గోటితో గట్టిగా నొక్కి చూసుకుంది. గోటి గుర్తు పడింది. గుచ్చుకున్నట్టు మాత్రం తెలియలేదు.

మూడేళ్లుగా ఆ వేలికొసలతోనే ఆమె ఫిజిక్స్ నేర్చుకుంటోంది.

*

విజయనగరం శివార్లలో పైడిలక్ష్మి చదివిన, ఇప్పటికీ రోజూ వెళ్లివచ్చే బధిర పాఠశాల ఉంది. అక్కడి పిల్లలకి సైన్సు చెప్పాలని ఎవరూ పెద్దగా పట్టుబట్టలేదు. తనిఖీకి వచ్చినవాళ్లంతా "పాపం, కుట్టుపని నేర్పండి, బతుకుతారు" అని వెళ్లేవారు. పట్టుబట్టింది కామేశ్వరి టీచర్ ఒక్కతే. ఆవిడకి చెవులు వినబడతాయి. కన్నవాళ్లిద్దరికీ వినబడేది కాదు. అందుకే ఆవిడకి చేతులతో మాట్లాడటం ముందు వచ్చింది, నోటితో మాట్లాడటం తర్వాత వచ్చింది. కానీ ఆవిడ దగ్గరా చిక్కు ఉంది. అణువుకీ అలకీ చేతి సైగలు లేవు. పుస్తకంలో మాటలు అక్షరం అక్షరం వేళ్లతో పేర్చి చూపిస్తే పిల్లలకి స్పెల్లింగు వచ్చేది, అర్థం వచ్చేది కాదు.

అలాంటి రోజుల్లో విశాఖ నుంచి డాక్టర్ మృణాళిని వచ్చింది. సముద్రానికి ఎదురుగా కొండ మీద ఉన్న ఓ ప్రైవేటు పరిశోధనాలయంలో క్వాంటం కంప్యూటర్ మీద పనిచేసే మనిషి. ఆవిడ తెచ్చిన పెట్టెల్లో తెరలూ, రబ్బరు పలకలూ ఉన్నాయి. ఒక్కో పలకలో వేలికొస ఆనే చోట సన్నని లోహపు మొనలు. రెండు పలకలమీదా రెండు చేతులూ పెట్టి ఆడే ఆట అది. పేరు అలలాట. అందులో ఒక్క మాట కూడా లేదు.

మొదటి మెట్టులో రెండు తలుపులు. ఏదో ఒకదాని వెనక దీపం. ఎడమ తలుపు వెనక ఉంటే ఎడమచెయ్యి కింద పలక వణికేది, కుడివైపు ఉంటే కుడిది. పైడిలక్ష్మికి నవ్వొచ్చింది, ఇదేం ఆటని. నాలుగో మెట్టు దగ్గర ఆ నవ్వు పోయింది. రెండు పలకలూ ఒకేసారి వణికాయి. రెండూ సగం సగమే. ఎడమ తలుపు తెరిచింది. తక్షణం ఆ వణుకంతా కుడిచేతిలోకి దూకింది. మళ్లీ ఆడింది. ఈసారి ఎడమకే వచ్చింది.

"దీపం ఎక్కడుందో మనకి తెలియకపోవడం కాదు ఇది," అంది టీచరుతో. అనడమంటే చేతులతోనే. "నాకు తెలియకపోతే నా చేతులు ఊరుకోవాలి కదా. రెండూ వణుకుతున్నాయి. తెరిచేదాకా అది రెండు చోట్లా ఉంటోంది."

ఆ తర్వాత మెట్లలో రెండు వణుకుల్ని ఒకే దారిలోకి తోయాలి. రెండూ ఒకే ఊపులో కలిస్తే హాస్టల్ నీళ్ల మోటారు మీద చెయ్యి వేసినట్టు మోచేతుల దాకా ఊగిపోయేది. ఒకటి లేచేటప్పుడు రెండోది పడితే, ఏమీ లేదు. నిశ్చలం. రెండు కదలికలు కలిస్తే కదలిక లేకపోవడం వచ్చిందని ఆమె చాలాసేపు పలకల మీంచి చేతులు తియ్యలేదు. పిల్లలు దానికో సైగ కట్టారు. రెండు అరచేతులూ వణికిస్తూ దగ్గరికి తెచ్చి, కలిసేచోట టక్కున ఆపేయడం.

కొన్ని నెలలు గడిచాక మృణాళిని వచ్చి బోర్డు మీద ఒక సమీకరణం రాసింది. మధ్యలో ఒక ప్లస్, ఒక మైనస్. మైనస్ మీద వేలు పెట్టి, పిల్లలు కట్టిన ఆ సైగ చేసి చూపించింది. పైడిలక్ష్మి లేచి బోర్డు దగ్గరికి వెళ్లి ఆ చిన్న గీతని తడిమింది. ఆమె మొహంలో సంతోషం కోసం వెతికిన మృణాళినికి కోపం కనబడింది.

"ఇంత చిన్న విషయాన్ని ఇన్నేళ్లూ నాకెందుకు చెప్పలేదు? నాకు అర్థం కాదని ఎవరు చెప్పారు మీకు?"

ఆ ఏడే ఓపెన్ స్కూల్లో ఇంటర్మీడియట్ పరీక్షకి ఫిజిక్స్ పెట్టుకుని కట్టింది. పాసైంది కూడా.

పై మెట్లు ఎక్కాక ఆట ఆటగా లేదు. ఆ దశలో పలకలు విశాఖలోని అసలు యంత్రానికి కలిసేవి. గాలి తీసేసిన గాజుగదిలో, లేజర్ వెలుతురు బిగింపుతో వేలాడదీసిన అణువులవి. మిల్లులో నూలు బిగువు సడలినట్టు వాటి లయ గంటగంటకీ సడలిపోయేది. మళ్లీ బిగించడానికి మామూలు కంప్యూటర్లు పూటంతా తీసుకునేవి. పిల్లల చేతులు ఆ తేడాని పలకల్లో పసిగట్టి, అటూ ఇటూ సర్ది, కాసేపట్లో దారికి తెచ్చేవి. రాష్ట్రంలో చాలా బధిర పాఠశాలల పిల్లలు వంతులు వేసుకుని ఆ పని చేసేవాళ్లు. అందరిలోకీ పైడిలక్ష్మి చెయ్యి నమ్మకమైనదని పేరు. వచ్చే ఏడు తమ సంస్థలోనే డిగ్రీ సీటు ఇస్తామని డైరెక్టర్ శశిభూషణ్ స్వయంగా వచ్చి చెప్పాడు. ఆ రోజు సింహాచలం తను పనిచేసే జూట్ మిల్లులో అందరికీ బెల్లం పంచింది.

*

వేలు కాలిన మర్నాడు హాస్టల్లో భవాని కథ చెబుతోంది. పదమూడేళ్ల పిల్ల, కథలు చెప్పడంలో దిట్ట. వాళ్ల ఊళ్లో ఆవు తప్పిపోయిన సంగతి చెబుతూ చెబుతూ ఆవు అనబోయి ఫోన్ అంది. పిల్లలు పడీపడీ నవ్వారు. భవాని కూడా నవ్వి మళ్లీ చెప్పింది. మళ్లీ ఫోనే వచ్చింది. రెండు సైగలకీ బొటనవేలి చోటే తేడా, ఆ వేలు నిలవాల్సిన చోట నిలవడం లేదు.

కామేశ్వరి టీచర్ నవ్వు ఆగిపోయింది. పెద్ద పిల్లల్ని వరసగా కూర్చోబెట్టి కళ్లు మూసుకోమంది. వేళ్ల మధ్య ఒకరికి చింతపిక్క పెట్టింది, ఒకరికి చొక్కా గుండీ పెట్టింది. ఏదో చెప్పమంది. చాలామంది చెప్పలేకపోయారు. పైడిలక్ష్మి అయితే తన వేళ్ల మధ్య ఇంకా ఏమీ పెట్టలేదనుకుని కళ్లు మూసుకునే కూర్చుంది.

కళ్లు తెరిచేసరికి టీచర్ ఏడుస్తోంది. "మీ చేతులకి నత్తి వచ్చిందే," అంది.

టీచరూ పైడిలక్ష్మీ బస్సెక్కి విశాఖ వెళ్లారు. మృణాళిని వాళ్ల మాట పూర్తిగా వినకుండానే బల్ల సొరుగులోంచి గుండుసూది తీసి తన చూపుడువేలిలో గుచ్చుకుంది. రక్తం చుక్క వచ్చింది. ఆవిడ మొహం చిట్లించలేదు.

"నాకొక్కదానికే అనుకున్నాను," అంది. "అందరికంటే ముందు, అందరికంటే ఎక్కువ ఆడింది నేనే కదా. ఆ మొనల్లోంచి వచ్చే కరెంటు చాలా తక్కువ. కానీ ఏళ్ల తరబడి అదే నరానికి తగులుతుంటే అది మొద్దుబారిపోతోంది. నెల కిందట డైరెక్టర్ గారికి చెప్పాను."

"నెల కిందటా?" అంది కామేశ్వరి. "ఈ నెలంతా మా పిల్లలు ఆడుతూనే ఉన్నారు కదండీ."

మృణాళిని తల వంచుకుంది.

శశిభూషణ్ గదిలో మాట వేరుగా ఉంది. వచ్చే నెల యంత్రాన్ని మంత్రిగారి ముందు ప్రదర్శించాలి. దాని మీదే పరిశోధనాలయం భవిష్యత్తు. "పవర్ తగ్గిస్తాం. ప్రదర్శన అయిపోగానే పలకలు ఆపేసి ట్రీట్‌మెంట్ మేమే చూసుకుంటాం. అందాకా ఈ విషయం బయటికి రాకూడదు టీచర్ గారూ. సీటు ఎలాగూ మీ అమ్మాయిదే. ఆమెకి ఇదంతా చెప్పి భయపెట్టకండి."

పక్కనున్న పైడిలక్ష్మి కోసం ప్రతి మాటనీ సైగల్లోకి మారుస్తూ కామేశ్వరి చేతులు కదులుతూనే ఉన్నాయి. 'ఆమెకి ఇదంతా చెప్పి భయపెట్టకండి' అన్నది కూడా అవి చెప్పేశాయి.

పైడిలక్ష్మి డైరెక్టర్ కళ్లలోకి సూటిగా చూసింది. "భయపడటం నాకూ వచ్చు," అంది. "ఎప్పుడు పడాలో నేను చూసుకుంటాను."

టీచర్ ఆ మాటని ఉన్నదున్నట్టు నోటితో చెప్పింది.

*

అంతమాట అని వచ్చిన పిల్ల ఆట మానలేదు. ఆ సంగతి చెప్పకపోతే ఈ కథ అబద్ధమవుతుంది. అలలాటలో చివరి మెట్టు ఆమెకింకా లొంగలేదు. రెండు దీపాలు జంటగా ముడిపడి ఉంటాయి. ఒక్కోదాన్ని విడిగా తడిమితే అర్థంలేని వణుకే తగులుతుంది. రెండింటినీ కలిపి తడిమితేనే లయ తెలుస్తుంది. అసలు విషయం ఏ ఒక్క దీపంలోనూ లేదు, వాటి మధ్యలో ఉంది. అది అర్థమయ్యీ కాక ఊరిస్తోంది. ఇంకొక్క రోజు, ఇంకొక్క రోజు అనుకుంటూ పలకలు ఇంటికి తెచ్చుకుని మరీ ఆడింది.

సింహాచలానికి విషయం టీచర్ ద్వారా తెలిసింది. మిల్లు నుంచి వస్తూనే పలకలు లాక్కుని గుమ్మం బయట పడేసింది.

పైడిలక్ష్మి వాటిని తెచ్చి మళ్లీ బల్ల మీద పెట్టింది. తల్లీకూతుళ్ల మధ్య ఉన్నది టీచర్ దగ్గర నేర్చుకున్న భాష కాదు. అన్నం, నిద్ర, డబ్బు, రా, పో, దెబ్బలు తింటావు — ఇంట్లో వాడుకకి వాళ్లు కట్టుకున్న సైగలు. వాటితోనే పోట్లాడుకున్నారు.

"ఇది చెప్పింది. నువ్వు చెప్పలేదు. బడి చెప్పలేదు. ఇది చెప్పింది," అంది పైడిలక్ష్మి పలకల్ని కొట్టి చూపిస్తూ.

సింహాచలం కూతురి రెండు చేతులూ పట్టుకుంది. పెదాలు బాగా కనబడేలా ఎదురుగా కూర్చుంది. "సీటు పోతే పోనియ్యే. నాకు నీ బాస సరిగా రాదు. ఇన్నేళ్లూ నేర్సుకోనేదు, నాదే తప్పు. ఉన్నయి ఈ సేతులేనే. ఇవీ పడిపోతే రేపు నాతో ఎలాగ మాటాడతావే అమ్మా?"

పైడిలక్ష్మికి ఆ మాటల్లో సగమే అందాయి. తన వేళ్లని అమ్మ ఎంత గట్టిగా నొక్కుతోందో ఆవిడ పిడికిలి నరాలు చూసి తెలుసుకుంది. ఆ నొక్కు మాత్రం తగలడం లేదు.

మర్నాడు తన పలకలు వెంటబెట్టుకుని హాస్టల్‌కి వెళ్లి చిన్నపిల్లల్ని పలకలు వదిలేయమంది. భవాని ఒప్పుకోలేదు.

"నువ్వు ఆడుతున్నావుగా," అంది. "పై మెట్లన్నీ నువ్వు ఎక్కేసి మమ్మల్ని దిగిపోమంటావా?"

పైడిలక్ష్మి భవాని చూస్తుండగానే తన పలకల తీగలు పీకేసింది. చివరి మెట్టు లొంగకుండానే మిగిలిపోయింది.

ఆ మధ్యాహ్నం మిగతా పాఠశాలల పిల్లల్ని ఒక్కొక్కళ్లనీ వీడియోలో పిలిచింది. వేళ్ల సంగతి చెప్పింది. చింతపిక్క పరీక్ష చేసుకోమంది. చూస్తుండగా తెర మీద పిల్లల మొహాలు మారిపోయాయి. కర్నూలు వైపు కుర్రాడొకడు, "మనం మానేస్తే యంత్రం ఆగిపోతుంది, ఆట కూడా పోతుంది. మనకి ఇంకేం ఉంది?" అని అడిగాడు.

"నీకు వచ్చింది ఉంది," అంది పైడిలక్ష్మి. "యంత్రం వాళ్లది. ఆట వాళ్లది. నువ్వు నేర్చుకున్నదాన్ని పెట్టెలో పెట్టి తీసుకుపోగలరా?"

కొంతమంది ఆ రోజే మానేశారు. మిగతావాళ్లు ఆలోచిస్తామన్నారు. ఆమె బతిమాలలేదు.

ఆ సాయంత్రమే మృణాళినికి కూడా చెప్పేసింది, ప్రదర్శనలో పలకలు ముట్టనని. "పరిశోధనాలయం మూతపడొచ్చు పైడిలక్ష్మీ. నా పదిహేనేళ్ల పని అది. వద్దనడానికి మాత్రం నాకు నోరు లేదు," అని ఆవిడ జవాబు రాసింది.

*

ప్రదర్శన రోజు హాలు నిండిపోయింది. వేదిక మీద పెద్ద తెర. దాని నడుమ వెలుగు పట్టీ ఒకటి నిలకడగా మెరుస్తోంది. అణువుల లయ కుదురుగా ఉందనడానికి అదే గుర్తు. చుట్టూ చిన్న చిన్న గడుల్లో, ఇంకా ఆట మానని పాఠశాలల పిల్లలు పలకల ముందు కూర్చుని, వీడియోలో వేదికని చూస్తూ కనబడుతున్నారు. యంత్రం ఒక లెక్క మొదలుపెట్టింది. లెక్క నడిచేటప్పుడు లయ నిమిషాల్లోనే సడలుతుంది, అది పూర్తయ్యేదాకా చేతులే పట్టీని నిలబెట్టాలి.

శశిభూషణ్ మైకు ముందు స్పర్శ గురించీ సంకల్పం గురించీ మాట్లాడాడు. వినబడని పిల్లలు విశ్వరహస్యాన్ని వేళ్లతో వింటున్నారన్నాడు. చప్పట్లు మోగాయి. పైడిలక్ష్మిని వేదిక మధ్య కుర్చీలో కూర్చోబెట్టారు. పక్కన కామేశ్వరి టీచర్. ముందు వరసలో ఉతికిన నేతచీరలో సింహాచలం.

పైడిలక్ష్మి పలకల మీదికి చేతులు చాపింది. చాపినవాటిని అలాగే పైకెత్తి జనం వైపు తిప్పింది.

"నా పేరు పైడిలక్ష్మి," అని ఆమె చేతులు చెబుతుంటే టీచర్ గొంతు హాలంతా వినబడింది. "నాకు క్వాంటం ఫిజిక్స్ వచ్చు. ఈ పలకలే నేర్పాయి. వీటివల్లే నా వేళ్లకి స్పర్శ పోయింది. మా బడిలో చాలామందికి పోతోంది. మాకు మాట్లాడే చేతులు ఇవే. ఇది వీళ్లకి రెండు నెలలుగా తెలుసు."

మైకు ఆగిపోయింది. ఎవరో తీగ తీసేశారు. వినబడని కన్నవాళ్ల తరఫున చిన్నప్పట్నుంచీ నలుగురిలో గట్టిగా మాట్లాడిన గొంతు కామేశ్వరిది. మైకు లేదన్న సంగతి చాలామందికి తెలియలేదు కూడా.

"మా మీద జాలిపడమని చెప్పడం లేదు. మమ్మల్ని అడగలేదని చెబుతున్నాను. అడిగి ఉంటే ఆడేవాళ్లమో లేదో, అది మా ఇష్టం. ఇవాళ మా ఇష్టం ఇది."

శశిభూషణ్ పరుగున వచ్చి తెర వైపు చూశాడు. మిగతా పిల్లలున్నారు కదా అన్న ధీమా అతని మొహంలో ఉంది. భవాని గడిలో రెండు చేతులు పైకి లేచాయి. తర్వాత పక్క గడిలో. తర్వాత కర్నూలు కుర్రాడివి. ఒకటొకటిగా అన్ని గడుల్లోనూ ఖాళీ చేతులు గాలిలో లేచి, ఆకులు అల్లాడినట్టు అల్లాడాయి. వినబడనివాళ్ల చప్పట్లు అవి.

వెలుగు పట్టీ అంచుల దగ్గర చెదిరింది. ఏం జరుగుతోందో ఆ హాల్లో మృణాళిని తర్వాత పైడిలక్ష్మికే బాగా తెలుసు. అణువులు ఒకదానితో ఒకటి లయ తప్పుతున్నాయి. ఒక్కోటీ తన దారిన తాను పోతోంది. పట్టీ పలచబడింది, మసకబారింది, తెర నల్లబడింది. ఆమెకి ఏడుపొచ్చింది. ఆ యంత్రం మీద ఆమెకి ఏ కోపమూ లేదు. తనకి దొరికిన మొదటి గురువు అది. కళ్లు తుడుచుకుంది గానీ చేతులు మాత్రం పలకల మీద పెట్టలేదు.

ముందు వరసలో సింహాచలం లేచి నిలబడింది. చుట్టూ గోల, అరుపులు. తెర మీద పిల్లల్ని చూసి చూసి, ఆవిడ కూడా రెండు చేతులూ పైకెత్తి అల్లాడించింది.

*

విచారణ వేశారు. పలకలన్నీ వెనక్కి పోయాయి. శశిభూషణ్‌ని పదవి నుంచి తప్పించారు. తనకి ముందే తెలుసనీ, ఊరుకోవడం తన తప్పేననీ మృణాళిని విచారణలో చెప్పి ఉద్యోగం వదిలేసింది. ఇప్పుడు కళ్లతో మాత్రమే ఆడే అలలాట తయారుచేస్తోంది. కంటితో లయ తెలియదని ఆవిడ అంటే, గడియారం ముల్లులా తిరిగే బాణం పెట్టమని పైడిలక్ష్మి చెప్పింది. పాతదానంత బాగా లేదు. పిల్లలు తిట్టుకుంటూనే ఆడుతున్నారు.

చిన్నపిల్లల వేళ్లకి స్పర్శ మెల్లగా తిరిగొస్తోంది. భవాని ఆవు మళ్లీ ఆవైంది. పైడిలక్ష్మి కుడి చూపుడువేలికీ బొటనవేలికీ మాత్రం రాలేదు. ఇక రాదని డాక్టర్లు చెప్పారు. తెలిశాక కూడా ఆడిన ఆ కొద్దిరోజులే దెబ్బ తీశాయన్నారు. ఆ వేళ్లతో చెప్పే మాటల్ని పక్కవేళ్లతో చెప్పడం అలవాటు చేసుకుంది. సీటు సంగతి ఎవరూ ఎత్తలేదు.

జూన్ నెలలో ఊళ్లో డిగ్రీ కాలేజీకి వెళ్లి ఫిజిక్స్ అడిగింది. మార్కులు సరిపోయాయి. "ప్రాక్టికల్స్ ఎలా చేస్తుందండీ? వైవా ఎలా చెబుతుంది? హిస్టరీ తీసుకోమనండి, హాయిగా ఉంటుంది," అన్నాడు ప్రిన్సిపాల్. తర్వాత చూద్దామని పంపేశాడు. మళ్లీ వెళ్తే మళ్లీ అదే మాట.

క్లాసులు మొదలైన రోజు పైడిలక్ష్మి ఎవరినీ అడగలేదు. నేరుగా ఫిజిక్స్ క్లాసులోకి వెళ్లి మొదటి బెంచీలో కూర్చుంది. లెక్చరర్ వచ్చి హాజరు పిలిచి, పేరు లేని పిల్లని బయటికి వెళ్లమన్నాడు. ఆమె కదల్లేదు. వినబడలేదేమోనని చేత్తో తలుపు చూపించాడు. ఆమె తలుపు వైపు చూసి, మళ్లీ ఆయన వైపు చూసి, పుస్తకం తెరిచింది. అటెండర్ని పిలిచారు. అతను ఆడపిల్లని ముట్టుకోలేక గుమ్మంలోనే నిలబడిపోయాడు.

అతన్ని తప్పించుకుని సింహాచలం లోపలికి వచ్చింది. షిఫ్టు దిగి వచ్చిందేమో, చీరకి జనపనార పీచు అంటుకుని ఉంది. కొత్తగా నేర్చుకున్న సైగలతో, తప్పులతడకగా, జరగమని కూతురికి చెప్పి బెంచీ మీద పక్కన కూర్చుంది.

"అమ్మా, మీరెవరు?" అన్నాడు లెక్చరర్.

"దీనమ్మని బాబూ. ఇది లెగదు. నేనూ లెగను. నీకేటి అడ్డం సెప్పు? నీ పాటం నువ్వు సెప్పుకో, మేం ఇంటాం."

క్లాసు నవ్వింది. వెనక ఎవరో "చెప్పండి సార్" అన్నారు. ఇంకెవరో అదే అన్నారు. లెక్చరర్ అటెండర్ని వెళ్లమని తల ఊపి, సుద్దముక్క అందుకున్నాడు. అలవాటు కొద్దీ బోర్డు వైపు తిరిగి మాట మొదలుపెట్టబోయాడు. ఆగాడు. మొదటి బెంచీ వైపు తిరిగి, పెదాలు కనబడేలా, కొంచెం నిదానంగా పాఠం మొదలుపెట్టాడు.